మూడో తూకం

"ఆదివారం చొక్కా శుక్రవారం ఎందుకు తొడుక్కున్నావు, ఎర్నెస్ట్?"

తలుపు తీస్తూనే తాతారావు అడిగిన మొదటి ప్రశ్న అది. గుమ్మంలో నిలబడ్డ అరవై రెండేళ్ల మనిషి తన తెల్లచొక్కా వైపు ఒకసారి చూసుకుని, ఇస్త్రీ మడతను అరచేత్తో సవరించుకున్నాడు.

"స్టేషన్‌కు పోతున్న సార్. నాలుగింటికి రమ్మన్నరు. సంతకం పెట్టేస్తా."

"దేనిమీద?"

"తప్పు నాదేనని."

వెనకనున్న విక్టోరియా భర్తను మోచేత్తో పక్కకు జరిపి లోపలికి వచ్చింది. పుస్తకాలు లేని ఒకే ఒక్క కుర్చీ చూసుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మీరన్న చెప్పున్రి అన్నయ్యా. నిన్నటి సంది గిదే పాట. నా మాట ఇంటలేడు. మీ మాటైతే ఇంటడు. మీతోని కొట్లాడటానికైనా ఇంటడు."

గోడ గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. తేదీ 1998 జూలై 24. ఆబిడ్స్‌లో, గడియారాలు బాగుచేసే దుకాణం మీద ఉన్న ఆ గదిలో కొయ్య అరలన్నీ ఎర్నెస్ట్ చేసినవే. నేర పరిశోధనశాలలో తాతారావు ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. సాక్ష్యాల పెట్టెలు చేయడానికి ఎర్నెస్ట్ అక్కడికి వచ్చినప్పటినుంచి ఇద్దరికీ స్నేహం. ప్రతి గురువారం సాయంత్రం దేవుడు ఉన్నాడా లేడా అని వాదించుకోవడం ఇరవై ఆరేళ్లుగా సాగుతోంది. ఇంతవరకు ఎవరూ గెలవలేదు. ఎవరూ మానలేదు. పదవీ విరమణ తరువాత తాతారావు సొంతంగా పరిశోధనలు చేస్తున్నాడు. డబ్బుకోసం కాదు. నమ్మలేని మాట ఒకటి చెవిన పడితే ఆయనకు నిద్ర పట్టదు.

ఈ ఉదయం అలాంటి మాట పడింది: ఎర్నెస్ట్ పనిలో లోపం.

సంగతి చిన్నదేమీ కాదు. గత ఆదివారం, అంటే పందొమ్మిదో తేదీ సాయంత్రం ఐదూ ముప్పై ఐదుకు, నగరం వెలుపలి గండిచెరువులో మూడో నంబరు విహారపు బోటు మునిగింది. ఇంజిను బిగించిన వెనక పలక ఊడి, ఇంజినుతో సహా నీళ్లలోకి జారిపోయింది. తొమ్మిదిమందిని జాలర్లు ఒడ్డుకు చేర్చారు. బోటు నడిపే రామకృష్ణ ఇంకా ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. జూన్ నెలలో ఆ బోటు లోపలి కర్ర మార్చి బాగుచేసినవాడు ఎర్నెస్ట్. ఇన్‌స్పెక్టర్ బుచ్చిబాబు ఒక నిర్ణయానికి రావడానికి అంతకంటే ఏమీ అవసరం లేకపోయింది.

"మొదటినుంచి చెప్పు," అన్నాడు తాతారావు. "నాకేమీ తెలియదనుకో."

"మీకు తెల్వంది ఏముంటది సార్."

"దేవుడి సంగతి తెలియదుగా. చెప్పు."

ఎర్నెస్ట్ మూతి కొంచెం వంకర తిరిగింది. ఆరు రోజుల్లో అది మొదటి నవ్వని విక్టోరియా ముఖమే చెప్పింది.

"బోటంతా ఫైబర్‌గ్లాసే. కాని ఇంజిను బరువుకు ఉత్త ఫైబర్‌గ్లాస్ ఆగదు. అందుకని వెనక పలకల నడుమ ప్లైవుడ్ పెడ్తరు. రెండు దిక్కుల గ్లాసు, నడుమ కర్ర. బోల్టు రంధ్రం కాడ ఓ చుక్క నీళ్లు లోపలికి పోయినయనుకోండి, బయటికొచ్చే తొవ్వ లేదు. కర్ర తాగుతనే ఉంటది. పైకేమో పెళ్లికొడుకు లెక్క మెరుస్తది. లోపల చాయ్‌ల నానిన రస్కు."

"నువ్వేం చేశావు?"

"లోపలి గ్లాసు కోసిన. కుళ్లినదంతా తోడిన. మంచిగున్న కర్ర ఉంచిన. పన్నెండు రోజులు బల్బులు పెట్టి ఆరబెట్టిన. కొత్త కర్ర అతికించి మళ్ల గ్లాసు పరిచిన."

"ఆరిందని ఎలా తెలిసింది?"

విక్టోరియా సంచీలోంచి చిన్న తక్కెడ తీసి బల్లమీద పెట్టింది. "గిదిగో. క్రిస్మస్ కేకులకు మైదా జోకుకునే త్రాసు. జూన్ నెలల నా చేతికి దొరకనియ్యలే. ఇంట్ల కేకు చేద్దామంటే కర్రముక్క కూసున్నది దాంట్ల."

తాతారావు నవ్వాపుకున్నాడు. ఆ పద్ధతి ఎర్నెస్ట్‌కు నేర్పింది తానే. పాత కర్రలోంచి చిన్న ముక్క కోసి, అదే గుంటలో, అవే బల్బుల కింద ఉంచాలి. రోజూ ఉదయం ఆరింటికి దాన్ని తూచాలి. నీరు పోతున్నంతకాలం బరువు తగ్గుతుంది. వరసగా మూడు ఉదయాలు ఒకే బరువు వస్తే కర్ర ఆరినట్టు. రెండు సార్లు కలవడం యాదృచ్ఛికం కావచ్చు, మూడోసారి కలిస్తేనే నమ్మాలి అని పరిశోధనశాలలో ఆయన పదేపదే చెప్పేవాడు.

"తూకాల పుస్తకం ఇవ్వు."

అట్టలు జిగురుతో గట్టిపడిన చిన్న నోటుపుస్తకం అది. జూన్ 7న 415 గ్రాములు. 8న 412. 9న 412. పదో తేదీ ఎదురుగా ఏమీ లేదు. దాని కింద, అదే తేదీతో, 'సాయంత్రం మూసిన' అని ఉంది.

"మూడో తూకం ఏది?"

"మర్చిపోయిన సార్."

"ఇరవై ఆరేళ్లలో నువ్వు గురువారం మర్చిపోలేదు."

"ముసలితనం."

"పదో తారీఖా?" విక్టోరియా నుదురు ముడిపడింది. "ఆ దినం మనం..."

"ఊకో విక్టోరియా. నీకేం తెలుసు కర్ర సంగతి."

భర్త ఆమెతో అంత విసురుగా మాట్లాడటం తాతారావు ఎన్నడూ వినలేదు. పుస్తకం పేజీల నడుమ గుర్తుకోసం పెట్టిన కాగితం ఒకటి తగిలింది. దవాఖాన చీటీ. రోగి పేరు విక్టోరియా. ఛాతీనొప్పి. జూన్ 10, ఉదయం ఐదూ నలభై.

అంటే, ఆరింటికి తూకం చూడవలసిన మనిషి ఆసుపత్రి బల్లమీద కూర్చుని ఉన్నాడు. బోటు ఆ సాయంత్రమే మూసివ్వాలని యజమాని పట్టుబట్టి ఉంటాడు. ఎర్నెస్ట్ మూసేశాడు. ఇప్పుడు కారణం చెబితే, బోటు తనవల్లే మునిగిందని భార్య కుమిలిపోతుంది. అందుకే చెప్పకుండా సంతకం పెట్టడానికి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

తాతారావు చీటీని ఉన్నచోటే పెట్టి పుస్తకం మూశాడు.

"నాలుగింటికి కదా రమ్మన్నది. ముందు బోటు చూద్దాం పదండి. చూడకుండా నేను ఎవరినీ నిర్దోషి అనను. దోషి అని అసలే అనను."

*

నాంపల్లి గూడ్స్ షెడ్డు వెనక ఖాళీస్థలంలో, రెండు దూలాల మీద బోటును నిలబెట్టారు. వెనక భాగం పళ్లూడిన నోరులా తెరుచుకుని ఉంది. ఊడిన పలకను పక్కనే గోనెపట్టా మీద పెట్టారు. సమయం రెండూ యాభై.

బుచ్చిబాబు జీపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని పక్కన బోటు యజమాని శ్యామ్‌సుందర్ పదేపదే చేతిగడియారం చూసుకుంటున్నాడు.

"రండి గురువుగారూ," అన్నాడు బుచ్చిబాబు. "మీరు రిటైరయ్యారుగానీ మీ అనుమానం ఇంకా సర్వీసులోనే ఉందండీ."

"నీ నమ్మకం మాత్రం ఉద్యోగంలో చేరిన రోజే రిటైరైందని విన్నాను. ఎవరు ముందు దొరికితే వాళ్లే దోషులట కదా?"

"ట్రైనింగులో మీ పేపరులో నాకు ముప్పై ఆరు మార్కులు వేశారు. ఆ కోపం నాకింకా పోలేదు సుమండీ."

"ముప్పై నాలుగు. రెండు జాలిపడి కలిపినవి."

శ్యామ్‌సుందర్ విసుక్కున్నాడు. "ఏంది సార్ ఇదంత? ముసలాయన ఒప్పుకుంటుంటే ఇంక తనిఖీ ఏంది? నాకు ఐదింటికి బోటున్నది. రిటైర్డ్ టీచర్ల సంఘమోళ్లు వస్తున్నరు, పద్దెనిమిది మంది."

"ఏ బోటు?" అన్నాడు తాతారావు.

"నాలుగో నంబరు. గిదీ అదీ ఒక్క అచ్చుల పోసినవే. దానికి ఫిట్‌నెస్ పక్కాగున్నది. కావాల్నంటే చూడున్రి." కాగితాలు సిద్ధంగానే ఉన్నాయి. మూడో నంబరును అధికారి జూన్ 15న పరీక్షించాడు. నాలుగో నంబరును 18న. రెండింటికీ ఒకటే వాక్యం: 'వెనక పలక కర్ర కొత్తది, గట్టిగా ఉన్నది.'

"నాలుగో దాని కర్ర ఎవరు మార్చారు?"

"బయటోడు ఎవడో. పేరు యాదికి లేదు."

తాతారావు పలక పక్కన గొంతుక్కూర్చుని కొయ్య సుత్తితో తట్టుకుంటూ పోయాడు. డబ్. డబ్. డబ్. ఎక్కడా గట్టి చప్పుడు లేదు. విరిగిన అంచున వేలు పెడితే నల్లటి కర్ర తడి పేడలా ఊడివచ్చింది. పుట్టగొడుగు వాసన.

"బుచ్చిబాబూ, జూన్ పది నుంచి జూలై పందొమ్మిదికి ఎన్ని రోజులు?"

"ముప్పై తొమ్మిది."

"కొత్త ప్లైవుడ్ ముప్పై తొమ్మిది రోజుల్లో ఇంతలా కుళ్లుతుందా?"

"తడిగా మూస్తే కుళ్లదా అండీ? వానాకాలం కూడాను. ఇది మీ అభిప్రాయం. కోర్టుకు రుజువు కావాలి."

"అభిప్రాయమే. ఒప్పుకుంటాను." తాతారావు టార్చి వెలిగించి బోల్టు రంధ్రంలోకి చూశాడు. "ఎర్నెస్ట్, బోల్టుకు రంధ్రం ఎలా వేస్తావు?"

"పెద్దగ వేస్త సార్. దాన్ని రెసిన్ జిగురుతోని నింపుత. గట్టిపడ్డంక నడుమల మళ్ల సన్నగ వేస్త. బోల్టు కర్రను ముట్టుకోవద్దు. ముట్టుకుంటే అక్కడికెల్లే నీళ్లు పోతయి."

"ఈ రంధ్రంలో రెసిన్ లేదు. బోల్టు నేరుగా కర్రలోనే ఉంది."

బుచ్చిబాబు ఒంగి చూశాడు. "తొందర్లో వదిలేసి ఉంటాడు. కర్రను తడిగా మూసినవాడు రెసిన్ వదిలేయడా?"

ఆ మాటకు ఎర్నెస్ట్ ముందుకొచ్చాడు. తెల్లచొక్కా చేతులు మడిచాడు. "ఇంత చర్చ ఎందుకు సార్? గ్లాసు కింద నా రాతున్నది. చూడున్రి. మీకు రుజువు దొరుకుతది."

"ఏం రాత?" అన్నాడు బుచ్చిబాబు.

తాతారావుకు ఆ అలవాటు తెలుసు. ప్రతి పనిలోనూ, గ్లాసు మూసేముందు, ఎర్నెస్ట్ లోపల పెన్సిలుతో తేదీ, బైబిలు వాక్యం సంఖ్య రాస్తాడు. దాని మీద గ్లాసు పరిచి రంగు వేస్తే ఇక ఎవరికీ కనబడదు. "ఎవరూ చదవని చోట రాస్తావేమయ్యా?" అని తాతారావు ఎన్ని గురువారాలు వెక్కిరించాడో లెక్కలేదు. "చదివేటాయన చదువుతడు" అని ఎర్నెస్ట్ జవాబు.

"ఈ బోటుల వాక్యం రాయలే," అన్నాడు ఎర్నెస్ట్, గొంతు తగ్గించి. "రాయబుద్ధి కాలే. 'మూడో తూకం చూడలేదు' అని రాసిన. తారీఖు ఏసిన. మనుషులతోనైతే చెప్పలేకపోయిన. ఎవ్వరు చూడని కాడ కూడ అబద్ధం ఎందుకని."

బుచ్చిబాబు కళ్లు మెరిశాయి. ముద్దాయి తన చేతిరాతతో తానే సాక్ష్యం ఇవ్వడం అతని ఉద్యోగంలో ఇదే మొదటిసారి కాబోలు. "కర్ర నల్లబడింది కదా, పెన్సిలు కనబడుతుందా?"

"కర్రమీద కాదు సార్. మొదటి పూత ఆరినంక దానిమీద రాస్త. కర్ర కుళ్లినా రాత కుళ్లదు. పలకకు లోపలి దిక్కు, ఎడమ మూల."

తాతారావు చేతికి థిన్నరు గుడ్డ, గీకుడు రేకు ఇచ్చింది విక్టోరియానే. సంచీలో ఆవిడ ఏమేం తెచ్చిందో దేవుడికే తెలియాలి అనుకుని, తాతారావు ఆ నానుడిని మనసులోనే కొట్టేశాడు. మూలన రంగు గీకడం మొదలుపెట్టాడు. తెల్లరంగు పొరలుగా లేచింది. దాని కింద గ్లాసు, తేనె సీసాలా. గుడ్డతో తుడిచాడు. టార్చి పెట్టాడు.

అందరి తలలూ ఒకచోటికి వచ్చాయి.

నల్లటి కర్ర. గ్లాసు నారపోగులు. అంతే.

"ఇంకొంచెం పైకి," అన్నాడు ఎర్నెస్ట్. పైకి గీకాడు. లేదు. కుడి మూల గీకాడు. లేదు. చివరికి జానెడు వెడల్పున పలక ఈ చివరినుంచి ఆ చివరిదాకా రంగు పోయింది. ఒక్క అక్షరం లేదు.

ఎర్నెస్ట్ రెండు అరచేతులూ గ్లాసు మీద ఆన్చి, గుడ్డివాడు ముఖం తడిమినట్టు మెల్లగా తడిమాడు.

"ఇది నా చెయ్యి కాదు," అన్నాడు. "సార్, ఈ పని నాది కాదు."

"అంటే ఇది మూడో నంబరు బోటు కాదన్నమాట," అన్నాడు తాతారావు.

"నంబరు అక్కడే ఉందిగా!" బుచ్చిబాబు బోటు ముందువైపు చూపించాడు. రేకు పలక మీద ఎర్రగా మూడు.

"ఆ రేకు ఎప్పుడైనా విప్పి చూశావా?"

బుచ్చిబాబు జీపులోంచి స్క్రూడ్రైవరు తానే తెచ్చాడు. నాలుగు స్క్రూలు. తుప్పు లేని కొత్త స్క్రూలు. రేకు ఊడింది. దానికింద బోటు రంగు ఎండ తగలక ముదురుగా ఉంది. ఆ ముదురులో, అచ్చు పెట్టి వేసి తరువాత గీకేసిన అంకె ఒకటి లేతగా మిగిలింది. నాలుగు.

"కాగితాలు మళ్లీ చూడు," అన్నాడు తాతారావు. "రెండు బోట్లకూ కర్ర కుళ్లింది. ఒక్కదాన్నే ఎర్నెస్ట్‌కు ఇచ్చారు. పదిహేనో తేదీన దాన్నే మూడని చూపించారు. రేకు మార్చి పద్దెనిమిదిన దాన్నే నాలుగని చూపించారు. అందుకే వాక్యం కూడా ఒకటే. కుళ్లిన బోటు మూడో నంబరు తగిలించుకుని నీళ్లలోకి వెళ్లింది."

శ్యామ్‌సుందర్ దూలం మీద చతికిలబడ్డాడు. "సీజను పోతదనుకున్న సార్. ఒక్క నెల నడిపి దాన్ని గూడ చేయిద్దామనుకున్న."

"రామకృష్ణ లేస్తే అతనికి చెప్పు ఆ మాట," అన్నాడు బుచ్చిబాబు. జేబులోంచి ఎర్నెస్ట్ సంతకం కోసం టైపు చేయించిన కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, ముక్కల్ని పారేయకుండా మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. "గురువుగారూ, ఆ రెండు మార్కులు వెనక్కి తీసేసుకోండి."

"ఉంచుకో. స్క్రూడ్రైవరు నువ్వే తెచ్చావుగా."

విక్టోరియా కొంగుతో కళ్లు తుడుచుకుని, భర్త చొక్కాకు అంటిన రంగుపొట్టును గోటితో తీస్తోంది. "తెల్లది ఏసుకోవద్దంటే ఇన్నవా?"

ఎర్నెస్ట్ మాత్రం సంతోషించలేదు. తన అరచేతుల వైపే చూసుకుంటున్నాడు.

"సార్, మరి నా బోటు ఏది?"

అందరి చూపులూ శ్యామ్‌సుందర్ మీదికి తిరిగాయి. తాతారావు ఒక ప్రశ్న తేలిన ఉత్సాహంలో రెండో ప్రశ్న వేయడం మరిచిపోయాడు. ఇంకో పరీక్షార్థి ఎవరైనా అలా చేసి ఉంటే ముప్పై నాలుగు కూడా వేసేవాడు కాదు.

"నాలుగని నడుస్తున్నది నా బోటే," అన్నాడు ఎర్నెస్ట్. "దాంట్లనే ఉన్నది నా రాత. ఐదింటికి పద్దెనిమిది మంది ఎక్కుతున్నరు. మూడో తూకం నేను చూడలే."

"ఎర్నెస్ట్, రెండు తూకాలు కలిశాయి. బహుశా ఆరే ఉంటుంది," అన్నాడు తాతారావు.

"బహుశా అనద్దని మీరే చెప్పిన్రు సార్."

విక్టోరియా చేయి భర్త చొక్కా మీదే ఆగిపోయింది. "పదో తారీఖు," అంది నెమ్మదిగా. "పొద్దుగాల నన్ను దవాఖానకు తోల్కపోయినవు. అందుకేనా చూడలే? అందుకేనా నన్ను ఊకోమన్నవు?"

"నీకు గ్యాస్ నొప్పి ఆ దినం. డాక్టరే చెప్పిండు. ఇంటికి పోయి తూకం చూసి రాకపోయిన. నీ పక్కన కూసున్న. తప్పు నాది, నీది కాదు."

"గ్యాస్ నొప్పికి దినమంత పక్కన కూసున్నవా, పిచ్చోడా," అంది ఆమె. ఆ మాటలో కోపం లేదు. తక్కెడ సంచీలో వేసి జిప్పు లాగింది. "ఇంక నిలబడ్డవేంది? ఎక్కు జీపు."

సమయం మూడూ యాభై ఐదు. గండిచెరువుకు యాభై నిమిషాల దారి. శ్యామ్‌సుందర్ చెప్పిన టికెట్ల గది నంబరుకు గూడ్స్ షెడ్డు ఫోను నుంచి మూడుసార్లు చేశారు. మూడుసార్లూ ఎంగేజ్. జీపు కదలగానే బుచ్చిబాబు వైర్‌లెస్ అందుకుని, చెరువు దగ్గరి ఔట్‌పోస్టును పిలిచాడు. నాలుగో పిలుపుకు కానిస్టేబుల్ పలికాడు.

"నాలుగో నంబరు బోటు ఆపండి. టీచర్లను ఎక్కనివ్వకండి."

"ఎక్కి పోయిన్రు సార్. మబ్బు పట్టిందని నాలుగింటికే బయలెల్లిన్రు. నడుమ చెరువుల ఉన్నరు."

తాతారావు గడియారం చూశాడు. నాలుగూ ఏడు. బుచ్చిబాబు వైర్‌లెస్ మౌత్‌పీసును వెనక్కి చాపి ఎర్నెస్ట్ చేతిలో పెట్టాడు. గంట క్రితం ఆ చేతికి సంతకం కోసం పెన్ను ఇవ్వాలనుకున్న మనిషి.

"తమ్మీ, మైకులున్నది కదా మీ కాడ? మైకుల చెప్పు," అన్నాడు ఎర్నెస్ట్. అది పనిలో ఉన్నప్పటి గొంతు. "ఇంజిను జర జర తగ్గించి బంద్ చేయమను. ఒక్కసారే కాదు. వెనక కూసున్నోళ్లను ఒక్కొక్కరిని ముందటికి జరగమను. ఎవ్వరు లేచి నిలబడద్దు. తెడ్లతోని రమ్మను. బోటును మలపద్దు, ఎట్లున్నదో గట్లనే రమ్మను."

వైర్‌లెస్‌లో గరగర మాత్రమే వినబడింది. ఎర్నెస్ట్ పెదవులు కదులుతున్నాయి. తాతారావు చూశాడు. ఆ వాదన గురువారం చూసుకోవచ్చు. విక్టోరియా భర్త మోకాలి మీద చేయి వేసి, తీయలేదు.

నాలుగూ పదమూడుకు ఔట్‌పోస్టు మళ్లీ పలికింది.

"ఇంజిను ఆగింది సార్."

బుచ్చిబాబు గట్టిగా ఊపిరి వదిలాడు. "శభాష్. మైకు వినబడిందన్నమాట."

"లేదు సార్," అన్నాడు కానిస్టేబుల్. "మైకు ఇంక ఒడ్డుకు తేనేలే. బోటు తేలుతనే ఉన్నది, ఇంజిను దానంతల అదే ఆగింది."